ఎఖాద్ మీద వాక్యం చెప్పబోయే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి వందనాలు.

ద్వితీయోపదేశకాండము 6:4 మీద, అంటే "మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" అన్న వచనం మీద, ప్రసంగం రాసుకుంటున్నావని తెలిసి సంతోషించాను. అక్కడ "అద్వితీయుడు" అన్నచోట హెబ్రీలో ఉన్న మాట ఎఖాద్. నువ్వు పంపిన నోట్స్ చదివాను. "ఎఖాద్ అంటే అనేకులు కలిసిన ఒకటి, యాఖీద్ అంటే ఒంటరి ఒకటి. మోషే యాఖీద్ వాడలేదు కాబట్టి త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడు అన్నది) రుజువైంది" అని రాశావు. ఈ మాట మన స్టేజీల మీద బాగా నడుస్తుంది. అయినా నువ్వు చెప్పొద్దు.

ఎఖాద్ అంటే మామూలు లెక్కలో ఒకటి, అంతే. ఆదికాండము 2:24లో "ఏక శరీరము" అన్నది ఎఖాదే, నిజమే. అక్కడ ఇద్దరున్నారని తెలిసేది ఆ వాక్యంలోని భార్యాభర్తల వల్ల, అంకె వల్ల కాదు. సంఖ్యాకాండము 13:23లో వేగులవాళ్లు కోసుకొచ్చిన ఒక ద్రాక్షగెల సంగతీ అంతే, అక్కడా ఎఖాదే. పళ్లు ఉన్నది గెలలో. ఇక యెహోషువ 12వ అధ్యాయం హెబ్రీలో తియ్యి: ఓడిపోయిన ప్రతి రాజు పక్కనా ఎఖాద్, ఎఖాద్ అని లెక్క పెట్టుకుంటూ పోయి చివరికి 31 మంది అంటాడు. అందులో ఏ రాజూ అనేకులు కలిసినవాడు కాదు కదా! ప్రసంగి 4:8లో తోడు లేని ఒంటరి మనిషీ ఎఖాదే. యెహెజ్కేలు 33:24లో అబ్రాహామూ అంతే, మన తెలుగు బైబిల్లో అక్కడ "ఒంటరియై" అని ఉంటుంది.

యాఖీద్ పాత నిబంధనలో 12 చోట్లే వస్తుంది. అన్నీ చదవడానికి ఒక సాయంత్రం చాలు, తప్పకుండా చదువు. ఇస్సాకు, యెఫ్తా కూతురు, ఆమోసు 8:10లో పోయిన ఒక్కగానొక్క కొడుకు కోసం ఏడుపు, కీర్తన 25:16లో "ఏకాకిని" అనే మొర. గుండె కోసే చోట్ల వచ్చే మాట అది. ఆదికాండము 22లో ఇస్సాకును యాఖీద్, అంటే ఒక్కగానొక్కడు, అన్నప్పటికి అబ్రాహాముకు ఇంకో కొడుకు ఇష్మాయేలు ఉన్నాడుగా అని ఎవరైనా అడుగుతారు, సిద్ధంగా ఉండు. గ్రీకు అనువాదకులు అక్కడ "ప్రియమైన" అని రాశారు. పైగా కీర్తన 133:1లో సహోదరులు కలిసి ఉండడాన్ని చెప్పే యాఖద్‌దీ యాఖీద్ ధాతువే. ఇక నీ వాదన ఎక్కడ నిలబడుతుంది?

త్రిత్వాన్ని నేనూ నమ్ముతాను. దానికి సువార్తలున్నాయి, పత్రికలున్నాయి. ఆ బరువంతా ఒక్క అంకె మీద పెట్టకు. ఫోన్‌లో స్ట్రాంగ్స్ నిఘంటువులో ఎఖాద్‌కు ఇచ్చిన నంబర్ 259 నొక్కితే వచ్చే అర్థాల్లోంచి మనకు నచ్చింది ఏరుకోవడం వాక్య ధ్యానం కాదు.

దానికి బదులు ఇది చూపించు. యూదుల తోరా చుట్టల్లో, అంటే మోషే ఐదు పుస్తకాలను చేత్తో రాసిన చుట్టల్లో, ఈ 6:4 వచనంలోని ఎఖాద్ చివరి అక్షరం దాలెత్‌ను పెద్దదిగా రాస్తారు. దాలెత్ మూల కాస్త గుండ్రబడితే రేష్ అనే మరో అక్షరం అవుతుంది, ఎఖాద్ కాస్తా "వేరొకడు" అనే అఖేర్ అవుతుంది. కనాను దేవతల మధ్యకు వెళ్తున్న జనానికి మోషే చెప్పిన మాట ఇది. వెంటనే 5వ వచనానికి వెళ్లు, పూర్ణహృదయంతో ప్రేమించమన్న దగ్గరికి. ఎక్కువ టైమ్ అక్కడే తీసుకో.

ఎఖాద్ పలికేటప్పుడు ఖ గొంతులోంచి రాపిడితో రావాలి. ఆదివారంలోగా పలికి రికార్డు చేసి పంపు, వింటాను.