ప్రైవేటు అడవి భూముల్లో నియంత్రిత దహనం: ఇది వృత్తిగా పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ మూడో సంవత్సరం చదువుతోంది. ఫ్లోరిడాలో ఉన్న మా బావమరిదికి కొంత పైన్ తోట ఉంది. అక్కడ ప్రభుత్వ అనుమతితో తోటలోని ఆకుచెత్తను, పొదలను కాల్చే పనికి ప్రణాళిక వేయడం, అనుమతులు తీసుకోవడం నేర్చుకుంటానని పట్టుబడుతోంది. ఇది వృత్తేనా? ఆడపిల్లకు తగిన పనేనా?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వృత్తేనండి, సందేహం అక్కర్లేదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లోని లాంగ్‌లీఫ్ పైన్ అడవులకు కొన్నేళ్లకొకసారి నేల మీద తక్కువ ఎత్తులో పాకే మంట అవసరం. అది లేకపోతే సూదుల్లాంటి పైన్ ఎండుటాకులూ పొదలూ పేరుకుపోయి, ఎప్పుడో పిడుగు పడి అంటుకున్న నిప్పు చెట్ల తలలదాకా ఎగబాకుతుంది. అందుకే ఫ్లోరిడా 1990లోనే ఇందుకు ప్రత్యేక చట్టం చేసి, ఇలా కాల్చుకోవడాన్ని భూయజమాని హక్కుగా గుర్తించింది. ఆ రాష్ట్రంలో ఏటా దాదాపు 20 లక్షల ఎకరాలకు ఇటువంటి అనుమతులు ఇస్తారు.

అయితే ఈ పనిలో నిప్పు పెట్టడం చివరి అంకం మాత్రమేనని మీ అమ్మాయికి ముందుగా తెలియాలి. అంతకుముందే లిఖితపూర్వక ప్రణాళిక సిద్ధం కావాలి. ఏ ముక్కను, ఎందుకు కాలుస్తున్నాం, హద్దు గీతలు ఎక్కడ దున్నాలి, గాలి ఏ దిక్కు నుంచి ఎంత వేగంతో వీస్తేనే మొదలుపెట్టాలి, గాలికి ఎదురుగా మెల్లగా వెనక్కి పాకే మంట పెట్టాలా, గాలివాటున పరిగెత్తే మంట పెట్టాలా, హద్దు దాటితే ఎవరు ఎటు వెళ్లాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. పైన్ తోటల్లో సాధారణంగా గాలిలో తేమ 30 నుంచి 55 శాతం మధ్య ఉన్న రోజును ఎంచుకుంటారు. అంతకన్నా పొడిగా ఉంటే మంట చేయిదాటే ప్రమాదం ఉంది, తడిగా ఉంటే సరిగా కాలక పొగ మిగులుతుంది. మనుషులు, పనిముట్లు, ట్యాంకర్లు అన్నీ వచ్చాక గాలి తిరిగిందని పని ఆపి ఇంటికి పంపేయగల నిబ్బరం ఈ వృత్తిలో అన్నిటికన్నా విలువైన నైపుణ్యమని నా అభిప్రాయం.

మంట కన్నా పొగే ఎక్కువ తగాదాలు తెస్తుంది. 2008 జనవరిలో ఫ్లోరిడాలో హద్దు దాటిన ఒక నియంత్రిత దహనం పొగ తెల్లవారుజామున మంచుతో కలిసి హైవేను కప్పేయగా, దాదాపు 70 వాహనాలు ఒకదానినొకటి ఢీకొన్నాయి, ప్రాణాలు పోయాయి. డిసెంబరులో తెల్లవారుజామున గుంటూరు–విజయవాడ రహదారి మీద ప్రయాణించిన వారెవరికైనా ఆ దృశ్యం ఊహకు అందుతుంది. అందుకే పొగ ఎంత ఎత్తుకు లేస్తుంది, రాత్రికి ఏ పల్లానికి దిగుతుంది, ఆ దారిలో బడి, ఆసుపత్రి, రహదారి ఉన్నాయా అన్నది మ్యాపు మీద గీసి చూపకుండా మంచి ప్రణాళిక పూర్తి కాదు.

ఇక అనుమతి సంగతి. ఫ్లోరిడాలో ప్రణాళిక రాసుకున్నంత మాత్రాన సరిపోదు. రాష్ట్ర అటవీ సేవా విభాగం నుంచి అధికార అనుమతి పొందాలి, భూయజమాని సమ్మతి ఉండాలి, పని ముగిసేదాకా సర్టిఫికెట్ పొందిన దహన నిర్వాహకుడు అక్కడే ఉండాలి. ఈ షరతులన్నీ పాటిస్తే, నష్టం జరిగినప్పుడు తీవ్ర నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యత మోపేలా 1999లో చట్టాన్ని సవరించారు. కాలిఫోర్నియా కూడా 2022 నుంచి, మంటలార్పే ఖర్చుల విషయంలో ఇటువంటి రక్షణనే కల్పించింది. ఆ సర్టిఫికెట్ తరగతి గదిలో కూర్చుంటే రాదు. అనుభవజ్ఞుల చేతికింద పనిచేసి, సొంతంగా ప్రణాళిక రాసి, దాన్ని అమలు చేసి చూపాలి.

ఆడపిల్ల సంగతి అడిగారు. అక్కడి అగ్నిమాపక బృందాల శారీరక పరీక్షలో సుమారు 20 కిలోల బరువు మోస్తూ 4.8 కిలోమీటర్లను 45 నిమిషాల్లో నడవాలి. అది ఆడవారికీ మగవారికీ ఒకటే. నడవగలిగితే చేయగలదు.

మీరు అడగకపోయినా చెప్పవలసినది వీసా విషయం. అమెరికా ఫెడరల్ సంస్థల్లోని అటవీ అగ్ని ఉద్యోగాలకు ఆ దేశ పౌరసత్వం ఉండాలి. కనుక మన పిల్లలకు తెరిచి ఉన్న దారి విశ్వవిద్యాలయమే. గెయిన్స్‌విల్‌లోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం, ఓక్లహామా స్టేట్, ఇడాహో వంటి చోట్ల అడవి లేదా అగ్ని పర్యావరణంలో ఎంఎస్ చేస్తూ, పరిశోధన భూముల్లో అనుభవం సంపాదించి, తరువాత అటవీ నిర్వహణలో సలహాలిచ్చే సంస్థలను, భూసంరక్షణ ట్రస్టులను ఉద్యోగానికి ఆశ్రయించవచ్చు. సందర్శక వీసా మీద వెళ్లి మేనమామ తోటలో ఈ పని చేద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోమనండి. ఆ వీసాపై పనిచేయకూడదు. అలాగే, ఈ కోర్సును గ్రీన్‌కార్డుకు అడ్డదారిగా చూపే ఏజెంటు ఎవరైనా తగిలితే అతనికి ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఇక్కడికి తిరిగొస్తే ఏముంటుందన్నది న్యాయమైన ప్రశ్న. మన రాష్ట్రంలో ప్రైవేటు భూముల దహనానికి ఇటువంటి సర్టిఫికెట్ వ్యవస్థ లేదు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. పొలంలో వరికొయ్యలు, పత్తికట్టె కాల్చడం ఈ శాస్త్రం కిందికి రాదు, దానికి ఇది లైసెన్సూ కాదు. కానీ వేసవికి ముందు అటవీశాఖ ఫైర్ లైన్లను (మంట పాకకుండా అడవిలో ఖాళీగా ఉంచే పట్టీలను) శుభ్రం చేసి కాల్చే పని ఉంది. ఉపగ్రహాల ద్వారా మంటల హెచ్చరికలు పంపే డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం ఉంది. అగ్రికల్చర్ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకూ అర్హత ఉంటుంది. మంట ప్రవర్తన, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల విశ్లేషణ), వాతావరణ విశ్లేషణ తెలిసిన అభ్యర్థి వీటిలో దేనిలోనైనా ముందుంటుంది.

అందుచేత ఇప్పుడు డిగ్రీ ఆపవద్దు. మిగిలిన కాలంలో వ్యవసాయ వాతావరణ శాస్త్రం మీద శ్రద్ధ పెట్టి, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, అమెరికా జాతీయ అటవీ అగ్ని సమన్వయ బృందం ఉచితంగా అందించే శిక్షణ పుస్తకాలు చదవమనండి. వాటిని చదివాక, మేనమామ గారిని అడిగి ఆ తోట మ్యాపు, నేల, గాలి వివరాలు తెప్పించుకుని, ఒక పూర్తి దహన ప్రణాళికను కాగితం మీద రాయమనండి. అది రాస్తున్నప్పుడు విసుగు పుడితే, ఎంఎస్ ఫీజు కట్టకముందే ఆ సంగతి తెలిసిపోతుంది. ఆసక్తి పెరిగితే, ఆచార్యులకు దరఖాస్తు పంపేటప్పుడు జతచేయడానికి అదే పనికొస్తుంది.