కయాక్‌లో చేపల వేటకెళ్ళే అల్లుడికి, తెడ్డు కొనేముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కయాక్ పడవ కొన్నావనీ, తెడ్డు ఏది తీసుకోవాలో తేలక టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాడ్, రీల్ కోసం నెలల తరబడి వెతికే వాళ్ళు కూడా తెడ్డు దగ్గరికొచ్చేసరికి పడవతో పాటు ఏదిస్తే అది పట్టుకొచ్చేస్తారు. నువ్వు ఆగి అడిగినందుకు సంతోషం. వేటకెళ్ళిన రోజున గాలం వేసే చోటికి చేరాలన్నా, గాలికి పడవ పక్కకు పోకుండా నిలబెట్టాలన్నా, చీకటి పడేలోపు ఒడ్డుకు రావాలన్నా దిక్కు తెడ్డే. నీ ఒంటికీ నీ పడవకీ సరిపడనిది కొంటే ఆ భారమంతా భుజాల మీద పడుతుంది.

ముందు పొడవు సంగతి తేల్చుకో. చాలామంది తమ ఎత్తును బట్టి కొంటారు. ఎత్తు కొంత లెక్కే గానీ, అసలు చూడాల్సింది పడవ వెడల్పు, సీటు ఎత్తు. దూరప్రయాణాలు చేసే సన్నటి టూరింగ్ కయాక్ సుమారు 60 సెం.మీ. వెడల్పు ఉంటుంది. అందులో మనిషి దాదాపు అడుగునే కూర్చుంటాడు కాబట్టి 220 సెం.మీ. తెడ్డు సరిపోతుంది. మన వేట కయాక్‌లు 80 నుంచి 90 సెం.మీ. దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వెడల్పు ఉంటాయి. పైగా కుర్చీలా ఎత్తుగా ఉండే సీటు. అక్కణ్ణుంచి నీళ్ళు అందాలంటే పొడవు పెరగాల్సిందే. పడవ 80 సెం.మీ. లోపు ఉండి సీటు కిందికే ఉంటే 240 చూడు. అంతకు మించి వెడల్పుంటే 250. 90 సెం.మీ. వెడల్పు, ఎత్తు సీటు రెండూ ఉన్నా, లేదా నువ్వు ఆరడుగులు దాటిన మనిషివైనా 260 దాకా వెళ్ళొచ్చు.

అంకెలు కాసేపు పక్కన పెట్టి, ఎవరిదైనా తెడ్డు అడిగి తీసుకుని నీ పడవలో కూర్చుని చూడు. రెండు చేతులతో కర్ర పట్టుకుని తలమీదికి ఎత్తు. మోచేతులు లంబకోణంలో వంగేలా చేతుల మధ్య దూరం సరిచేసుకుంటే, నీ పట్టు ఉండాల్సిన చోటు అదే. ఇప్పుడు ఆ పట్టు మార్చకుండా, కర్ర రెండు చివర్లా ఉండే పలకల్లో ఒకదాన్ని, అంటే బ్లేడును, నీ పాదాల పక్కన ముంచు. బ్లేడు మొత్తం మునిగి, కర్ర మొదలయ్యే చోట నీరు ఆగాలి. బ్లేడు సగమే మునిగి నువ్వు పక్కకు ఒరగాల్సి వస్తున్నా, వేళ్ళ కణుపులు పడవ అంచుకు గీసుకుంటున్నా తెడ్డు పొట్టిది. బ్లేడు దాటి కర్ర కూడా జానెడు మునుగుతోందంటే పొడవెక్కువ. మరీ పొడవైతే ప్రతి లాగుకీ బ్లేడు పడవకు దూరంగా పడి ముక్కు అటూ ఇటూ తిరుగుతుంది, భుజాల మీద బరువూ పెరుగుతుంది.

పొట్టి తెడ్డుతో వేటగాడికి ఇంకో నష్టం కూడా ఉంది. అది పదేపదే పడవ అంచుకు కొట్టుకుంటుంది. గాల్లో కంటే నీళ్ళలో శబ్దం నాలుగు రెట్లకు పైగా వేగంగా పాకుతుంది, ప్లాస్టిక్ పడవ ఆ చప్పుడును డోలులా మోగిస్తుంది. లోతు తక్కువ ఉన్నచోట చేపకు దగ్గరగా వెళ్ళాలనుకున్నప్పుడు ఆ ఒక్క టకటక చాలు, అక్కడ చేప ఉండదు.

తర్వాత చూడాల్సింది బరువు. డబ్బు పెట్టదలిస్తే దీని మీదే పెట్టు. అల్యూమినియం కర్రకు ప్లాస్టిక్ బ్లేడు ఉన్నవి సాధారణంగా కిలో దాటుతాయి. ఫైబర్‌గ్లాస్‌వి కిలోకు కాస్త అటూ ఇటూ, మంచి కార్బన్ ఫైబర్‌వి 700 నుంచి 850 గ్రాముల మధ్య ఉంటాయి. మూడు నాలుగు వందల గ్రాముల తేడా షాపులో చేత్తో పట్టుకుంటే ఏమీ అనిపించదు. కానీ ఆ తెడ్డును నువ్వు రోజులో వందల సార్లు భుజం ఎత్తుకు లేపుతావు, గాలికి ఎదురుగా తిరిగొచ్చేటప్పుడు తేడా తెలుస్తుంది. ఇక్కడ మరో మెలిక ఉంది. మొత్తం బరువు ఎంతన్నదాని కంటే ఆ బరువు ఎక్కడుందన్నది ముఖ్యం. కర్ర తేలికై చివర్లో బ్లేడు బరువుంటే చెయ్యి త్వరగా అలిసిపోతుంది. అందుకే కార్బన్ కర్రకు బరువైన ప్లాస్టిక్ బ్లేడు తగిలించినదాన్ని కార్బన్ అనే పేరు చూసి కొనకు. మధ్యలో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడు, నీ మణికట్టే చెప్తుంది.

అలాగని అందరికీ కార్బన్ బ్లేడే మంచిదని కూడా అనను. మనం తెడ్డును నీళ్ళు లాగడానికే వాడం. రాళ్ళ మీద ఆనించి తోస్తాం, బురదలో గుచ్చి పడవను ఆపుతాం, కొమ్మల్లో చిక్కిన గాలాన్ని దాంతోనే లాగుతాం. నువ్వు తిరిగేవి రాళ్ళూ, గవ్వల దిబ్బలూ ఉన్న లోతు తక్కువ నీళ్ళయితే ఫైబర్‌గ్లాస్ లేదా కార్బన్ కర్ర, దానికి గట్టి నైలాన్ బ్లేడు ఉన్నది తీసుకో. కొంచెం బరువు పెరిగినా రాయి తగిలితే బ్లేడు పగలదు. లోతైన నీళ్ళలో దూరాలు వెళ్ళేవాడివైతే పూర్తి కార్బన్‌కు పెట్టిన ఖర్చు దండగ కాదు. అల్యూమినియం కర్ర ఎండకు కాలుతుంది, చలికి కొరుకుతుంది. అదే తీసుకోవాల్సి వస్తే పట్టుకునే చోట మెత్తటి గ్రిప్ చుట్టుకో. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, అల్యూమినియమూ కార్బనూ రెండింట్లోనూ కరెంటు పారుతుంది. దూరంగా ఉరుము వినపడితే ఇంకో చేప కోసం చూడకుండా ఒడ్డుకు వచ్చెయ్.

బ్లేడు ఆకారం గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకు. వేటలో మనం నిదానంగా, కర్రను వాలుగా పట్టుకుని తోస్తాం, దానికి పొడవుగా సన్నగా ఉండే బ్లేడు నప్పుతుంది. పొట్టిగా వెడల్పుగా ఉండేది కర్రను నిలువుగా పట్టి వేగంగా వెళ్ళేవాళ్ళది. బ్లేడు మధ్యలో సన్నటి వెన్ను ఉంటే నీరు రెండు పక్కలకూ సమంగా జారి తెడ్డు చేతిలో వణకదు. కొన్నిటికి గాలాన్ని లాగడానికి అంచున గాడి ఉంటుంది. బాగా పనికొస్తుంది గానీ ఆ గాడి కోసమని బరువైన తెడ్డు కొనకు.

రెండు బ్లేడులనూ ఒకదానికొకటి కోణంలో తిప్పి బిగించుకునే ఏర్పాటు చాలా తెడ్లకు ఉంటుంది. ఎదురుగాలిలో పైకి లేచిన బ్లేడు గాలిని అంచుతో కోసుకుపోవడానికి అది. ఆ ఏర్పాటు ఉన్నదే కొనుక్కో, కానీ వేట చేసేటప్పుడు సున్నా మీదే ఉంచుకో. ఎందుకంటే, చేప గాలం మింగి పడవను పొదల వైపు లాగుతుంటే ఒక చేతిలో రాడ్ ఉంటుంది, రెండో చేత్తో తెడ్డు అందుకోవాలి. కర్రను ముంజేతికి ఆనించి, మోచేతిని ఒంటికి అదిమి, పొట్టి పొట్టిగా రెండు లాగులు లాగితే పడవ వెనక్కి వస్తుంది. ఆ క్షణంలో బ్లేడు ఏ వైపు తిరిగి ఉందో వెతుక్కోకూడదు. తేలికపాటి తెడ్డు విలువ కూడా అప్పుడే తెలుస్తుంది. కొన్నాక ఈ ఒంటిచేతి లాగు రెండు వైపులా సాధన చెయ్.

కర్ర మధ్యలో అతుకు ఉంటుంది. రెండు ముక్కలది చాలు. పొడవు 240 నుంచి 260 దాకా మార్చుకునే రకం దొరికితే ఇంకా మంచిది, రేపు పడవ మారినా పనికొస్తుంది. కొనేముందు బిగించి ఊపి చూడు, అతుకు దగ్గర కదలిక ఉండకూడదు. వాడాక అందులో ఇసుక, ఉప్పు మిగిలితే బిగుసుకుపోతుంది. ఇంటికి రాగానే విడదీసి మంచినీళ్ళతో కడిగి, ముక్కలుగానే ఆరబెట్టు. కర్రకుండే రబ్బరు రింగులను బ్లేడుకు బెత్తెడు దూరంలో ఉంచుకో, లేకపోతే లాగిన ప్రతిసారీ నీళ్ళు కారి నీ ఒడి తడుస్తుంది.

రంగు మాత్రం కళ్ళకు కొట్టొచ్చేదే తీసుకో. పసుపో నారింజో అయితే పడవ మీదికి దూసుకొచ్చే మోటారు బోటు వాడికి దూరం నుంచే కనపడుతుంది, నీళ్ళలో జారితే నీకూ కనపడుతుంది. తేలుతుందో లేదో ఒడ్డు దగ్గరే చూసుకో. నిలకడ నీళ్ళలో తెడ్డును పడవకు లీష్‌తో కట్టుకో, ఎందుకంటే రాడ్ అందుకునే తొందరలో తెడ్డును ఒడి మీద పెట్టి మర్చిపోవడం మామూలే. ప్రవాహంలో, అలలు విరిగే చోట మాత్రం ఆ తాడు విప్పెయ్, పడవ తిరగబడితే అదే కాళ్ళకు చుట్టుకుంటుంది. తొక్కుడు పెడళ్ళ కయాక్ అయినా సరే తెడ్డు లేకుండా బయల్దేరకు. దూరం వెళ్ళేవాడివైతే నాలుగు ముక్కలుగా విడిపోయే చౌకది ఇంకొకటి పడవ లోపల పడేసుకో.

ఈ ఆదివారం పడవ వెడల్పు, పడవ అడుగు నుంచి సీటు ఎత్తు టేపుతో కొలిచి నాకు పంపు. ఏ నీళ్ళలో ఎక్కువ తిరుగుతావో కూడా రాయి. అప్పటిదాకా ఏదీ కొనకు.

నీ మామయ్య