ఆ ప్రకటన మాకు కాదట

"ఇంటర్నెట్ కొత్తల్లో ప్రకటనలే ఉండేవి కాదట, నిజమేనా?" అని అడిగారు. దాదాపు నిజమే. అప్పట్లో ఇంటర్నెట్‌కి వెన్నెముకలాంటి నెట్‌వర్క్ ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ అమెరికా ప్రభుత్వ సొమ్ముతో నడిచేది, దాని మీద వ్యాపారం కూడదు. ఆ ముచ్చట ఏ రోజున తీరిపోయిందో కూడా చెప్పగలను: 1994 ఏప్రిల్ 12.

అప్పుడు అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాను. రాత్రిళ్లు ల్యాబ్‌లో కూర్చుని న్యూస్‌గ్రూపులు, అంటే ఒక్కో విషయానికి ఒక్కో చర్చావేదిక, చదవడమే మాకు సినిమా, షికారూ. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కూడబలుక్కునే గ్రూపొకటి ఉండేది. ఆ రోజు అందులో 'గ్రీన్‌కార్డ్ లాటరీ' అని ఒక ప్రకటన కనబడింది, అమెరికాలో శాశ్వతంగా ఉండే అనుమతి లాటరీలో ఇస్తారని. క్రికెట్ గ్రూపుకెళ్తే అక్కడా అదే, యూనిక్స్ గ్రూపులోనూ అదే! మామూలుగా ఒకే సందేశాన్ని నాలుగు గ్రూపులకి కలిపి పంపితే, ఒకచోట చదివాక మిగతాచోట్ల కనబడదు. ఫీనిక్స్ ఊళ్లో లాయర్లట, మొగుడూ పెళ్లాలు, వేల గ్రూపుల్లో దేనికది విడివిడిగా పడేశారు. ఎన్నిసార్లు తోలినా ఈగలా వచ్చి వాలేది.

మా రూమ్మేటు మాత్రం ఎగిరి గంతేశాడు. "ఒరేయ్, 55,000 కార్డులట! ఉద్యోగం కూడా అక్కర్లేదటరా!" అప్పటికే ప్రింటు తీసేశాడు. నేను కింద పేరా మీద వేలు పెట్టాను. అర్హత లేని దేశాలు: మెక్సికో, పక్కనే ఇండియా. వాడు ఆ కాగితం వెనక మర్నాటి అసైన్‌మెంట్ లెక్కలు వేసుకున్నాడు.

జనం ఊరుకోలేదు. తిట్ల మెయిళ్ల బరువుకి ఆ లాయర్లకి కనెక్షనిచ్చిన కంపెనీ మెషీన్ మళ్లీ మళ్లీ కూలింది, అకౌంటు పీకేశారు. వాళ్లు సిగ్గుపడ్డారా? నెట్‌లో డబ్బు సంపాదించడమెలాగో చెబుతూ పుస్తకం రాశారు! అదే ఏడాది అక్టోబరులో హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రికలో బ్యానర్ ప్రకటనలూ మొదలయ్యాయి.

నన్నడిగితే అసలు దెబ్బ కొట్టింది లాయర్లు కాదు, 1996లో వచ్చిన హాట్‌మెయిల్. మనం రాసే ప్రతి ఉత్తరం అడుగునా 'ఉచిత ఈమెయిల్ కావాలా' అంటూ ఒక లైను తగిలించేది. మా బావకి పరామర్శ రాసినా కింద అదే. ఒక్కడంటే ఒక్కడు గోల చెయ్యలేదు, ఊరికే వస్తోంది కదా! లాయర్లని తరిమికొట్టిన మేమే జీతంలేకుండా కరపత్రాలు పంచాం.

ఇప్పుడు సరే సరి. మొన్న కుక్కర్‌ కొన్నాను. నెల్లాళ్లుగా ఎక్కడ చూసినా కుక్కర్లే. కొనేసినవాడికి ఇంకా ఏం అమ్ముతారండీ? ఆ లాయర్లే నయం, ఇండియావాళ్లకి కాదని ముందే రాశారు.