ఏటిగట్టు బాటలో రోజంతా సైకిలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నది వెంట 30 కిలోమీటర్లు వెళ్లి, అదే బాటలో తిరిగి రావాలనుకుంటున్నాం. ముందు దిగువకు వెళ్తే వాలు కలిసొస్తుందని కొందరు, ఓపిక ఉన్నప్పుడే ఎగువకు తొక్కేయమని ఇంకొందరు చెబుతున్నారు. ఏది మేలు?

జవాబు: వాలు సంగతి పక్కన పెట్టి గాలి ఎటు వీస్తోందో చూడండి. మైదానంలో పారే నది కిలోమీటరుకు అర మీటరు దిగుతోందనుకుందాం. మీరూ సైకిలూ కలిసి 90 కిలోలుంటే, ఆ వాలు మిమ్మల్ని ముందుకు లాగే బలం 45 గ్రాముల బరువుపాటి. గట్టి మట్టిబాటలో టైర్ల రాపిడే దానికి పది రెట్ల పైన ఉంటుంది. ఇక గాలి మాట. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుండగా అంతే వేగంతో ఎదురుగాలి వచ్చిందంటే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. నీటి పక్కన దాన్ని ఆపడానికి చెట్టూ గోడా తక్కువ.

అందుకే రోజంతా గాలి ఒకే దిక్కునుంచి వీస్తుంటే ముందు ఎదురుగాలికే వెళ్లాలి. కాళ్లు అలిసిన పూట గాలి వీపున ఉంటుంది. గాలివాటున హాయిగా సాగిపోయినవాళ్లకు తాము ఎంత దూరం వచ్చామో తెలియదు. వెనక్కి తిరిగినప్పుడే తెలుస్తుంది.

కొండల నడుమ లోయలో పారే నదైతే లెక్క మారుతుంది. మబ్బులేని రోజుల్లో, రాత్రి చల్లబడి బరువెక్కిన గాలి తెల్లవారాక కూడా కొంతసేపు లోయలో దిగువకు జారుతూ ఉంటుంది. ఎండకు కొండవాలు వేడెక్కాక అదే గాలి ఎగువకు తిరుగుతుంది, మధ్యాహ్నం బాగా బలం పుంజుకుంటుంది. అలాంటిచోట పొద్దున్నే దిగువకు వెళ్లి మధ్యాహ్నం ఎగువకు రండి, రెండుసార్లూ గాలి మీ పక్షమే. నది సముద్రంలో కలిసే ప్రాంతంలోనూ ఇలాగే మధ్యాహ్నపు గాలి సముద్రం నుంచి లోపలికి వీస్తుంది. మబ్బు పట్టిన రోజున మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

ఎక్కడ వెనుదిరగాలో గడియారం చూసి నిర్ణయించుకోండి. మట్టిబాటలో గంటకు సగటున 12 కిలోమీటర్లు వేసుకుంటే 60 కిలోమీటర్లకు 5 గంటలు, ఆగినప్పుడల్లా పోయేదానికి ఇంకో గంటన్నర. గాలివాటున బయల్దేరక తప్పకపోతే, చేతిలో ఉన్న సమయంలో మూడోవంతు గడవగానే హ్యాండిలు తిప్పేయండి.

ప్రశ్న: గులకరాళ్ల బాటలో ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడ్డాయి. ముల్లు ఎక్కడా దొరకలేదు. అతుకు వేస్తే అరగంటలో ఊడిపోయింది. ఎందుకిలా?

జవాబు: ముల్లు ఉండదు. టైరులో గాలి తక్కువైనప్పుడు రాయి అంచు మీదికి ఎక్కితే టైరు అణిగిపోయి, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలుగుతుంది. రిమ్ము రెండు అంచులూ చెరో గాటు పెడతాయి. 35 మిల్లీమీటర్ల టైరు మీద 75 కిలోల మనిషి వెళ్తుంటే వెనక టైరులో గాలి ఒత్తిడి 50 పీఎస్‌ఐ (పంపు గేజి మీద కనిపించే కొలత), ముందు 45 ఉంటే చాలు. టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠం మాత్రం దాటవద్దు. బొటనవేలితో నొక్కి చూస్తే 30కీ 50కీ తేడా సరిగా తెలియదు, గేజి ఉన్న పంపు కావాలి. చిల్లు లేని ట్యూబులోంచి కూడా గాలి మెల్లగా తగ్గుతుంది కనుక కిందటి వారం కొట్టిన గాలిని లెక్కలోకి తీసుకోకుండా బయల్దేరే పొద్దునే చూసుకోండి.

అతుకు ఊడిందంటే సాధారణంగా తొందరే కారణం. చిల్లు చుట్టూ అతుకుకన్నా కాస్త వెడల్పుగా గరుకు కాగితంతో రుద్ది, ట్యూబు మీది మెరుపు పోగొట్టాలి. రుద్దిన పొడి తుడిచి సొల్యూషన్ పలచగా పూసి, వేలికి అంటుకోనంత ఆరేదాకా, సుమారు ఐదు నిమిషాలు ఆగాలి. తడిగా ఉండగా అంటిస్తే అతుకు జారుతుంది. తర్వాత మధ్యలోంచి అంచులకు గట్టిగా నొక్కండి. రెండు చిల్లులూ ఒకే అతుకు కిందికి రాకపోతే రెండు వేయాలి, అంచు మాత్రం చిల్లు మీద పడకూడదు. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ కొన్ని నెలల్లో గొట్టంలోనే గట్టిపడుతుంది, ప్రయాణానికి ముందు నొక్కి చూసుకోండి.

బాట మీద ఇదంతా చేసేకన్నా విడి ట్యూబు మార్చేసి, చిల్లుది ఇంటికొచ్చాక అతికించుకోవడం నయం. కొత్త ట్యూబు గుండ్రంగా నిలిచేటంత గాలి కొట్టి లోపల పెట్టండి. టైరు అంచును వాల్వుకు ఎదురువైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. చివర్లో వాల్వును ఓసారి లోపలికి నెట్టి వదిలితే అక్కడ ట్యూబు ఇరుక్కోదు.

ప్రశ్న: కొండదారిలో రాని మోకాలి నొప్పి, అరచేతుల తిమ్మిరి చదునైన నదిబాటలో 40 కిలోమీటర్లకే వస్తున్నాయి.

జవాబు: చదును బాట తేలికన్న మాట సగమే నిజం. కొండదారిలో ఎక్కేటప్పుడు సీటు మీంచి లేస్తారు, దిగేటప్పుడు తొక్కడం ఆపుతారు. నదిబాటలో ఆ విరామం లేదు, గంటల తరబడి ఒకే భంగిమ. పావుగంటకోసారి కావాలనే లేచి నిలబడి పది పన్నెండు చుట్లు తొక్కండి. చేతుల పట్టు మార్చండి, మోచేతులు బిగబట్టకండి.

మోకాలి ముందువైపు నొప్పి అయితే సీటు కిందికి ఉండవచ్చు. మడమను పెడలు మీద పెట్టి కిందిదాకా తొక్కినప్పుడు కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు సరిపడా వంగుతుంది. నొప్పి మోకాలి వెనక ఉంటే, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎత్తు ఎక్కువైనట్టు. ఒక్కసారికి 5 మిల్లీమీటర్లకు మించి మార్చవద్దు. బరువైన గేరుతో మెల్లగా తొక్కడమూ మోకాలికి చేటే. 15 సెకన్లలో ఒక మోకాలు 20 సార్లు పైకి రావాలి. అంత రాకపోతే గేరు తగ్గించండి.

ప్రశ్న: వరద తీసిన బాట మీద వెళ్లొచ్చాక చైను కరకరమంటోంది. నూనె వేసినా పోలేదు.

జవాబు: ఇసుక మీద నూనె పోస్తే సానపట్టే ముద్ద తయారవుతుంది, చైనునూ పళ్లచక్రాలనూ అరగదీస్తుంది. ముందు పొడిగుడ్డతో చైను పట్టుకుని పెడలు వెనక్కి తిప్పుతూ మురికి రానంతవరకు తుడవండి. ఆరాక ఒక్కో లింకు రోలరు మీద ఒక్క చుక్క వేసి, కాసేపు తిప్పి, పైన మిగిలిన నూనె తుడిచేయండి. బలమైన నీటిధార పట్టకండి, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. రిమ్ము బ్రేకులైతే రబ్బరులో దిగిన ఇసుక రేణువులను సూదితో తీయండి, లేకుంటే రిమ్ము గీరుకుపోతుంది.

ఒండ్రు పలచగా పేరుకున్నచోట మలుపు తిప్పడం, బ్రేకు పట్టడం రెండూ వద్దు. అక్కడికి చేరకముందే వేగం తగ్గించి నేరుగా దాటండి. బాట మీదికి నీళ్లు వచ్చి పారుతుంటే లోతు తక్కువగా కనిపించినా వెనుదిరగండి.

ప్రశ్న: రోజుకు ఎన్ని నీళ్లు పట్టుకెళ్లాలి?

జవాబు: ఎండలో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. ఐదు గంటలకు 3 లీటర్లు దగ్గర పెట్టుకోండి, రెండు గంటలు దాటే ప్రయాణమైతే కొంత ఉప్పు కూడా ఒంట్లో పడాలి. నది నీళ్లు ఎంత తేటగా ఉన్నా మరిగించకుండా తాగవద్దు.