ముందు జీడీ (ఠాణా రోజువారీ డైరీ) ఎంట్రీ సంగతి రాయి

తమ్మీ,

నీ కథ అందింది. అచ్చంపేట బస్టాండు కాడ పల్లీలమ్మే తల్లి, దొంగతనం కేసుల పోలీసులు పట్టుకపోయిన కొడుక్కు ఠాణాకు సద్ది పట్టుకపోతె, కానిస్టేబుల్ డబ్బా తీసుకొని "ఆడు ఈడ లేడు" అనుడు బాగుంది. ఆ తర్వాత మూడు పేజీలు పోలీసులు కొట్టుడే రాసినవు. చివరికి ఒక విలేకరి లేచి, చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద మనోళ్లు సంతకం గూడ పెట్టలే అని ఉపన్యాసమిస్తడు. ఆడ నాకు మండింది.

పెట్టినం. ఐక్యరాజ్యసమితి 1984ల ఆమోదించిన ఒప్పందం మీద 1997 అక్టోబర్‌ల సంతకం పెట్టి, ధ్రువీకరించకుంట, అంటె కట్టుబడుతమని ఖరారు చెయ్యకుంట, కూసున్నం. 2010ల చిత్రహింసల నిరోధక బిల్లు లోక్‌సభ దాటి, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పోయి, ఆఖరికి మురిగిపోయింది. 2017ల లా కమిషన్ 273వ నివేదికల ఇంకో ముసాయిదా ఇచ్చింది. అది గూడ చట్టం గాలె. సంతకం పెట్టి ఊకున్నోని కథ రాసుడు కష్టం. నువ్వు అల్కటిది పట్టుకున్నవు.

ఆ ఒప్పందంల అందర్ని చేర్పిద్దామని ఐదు దేశాలు పెట్టిన కూటమిని ఒక్క వాక్యంల తోసేసినవు. 2014ల చిలీ, డెన్మార్క్, ఘానా, ఇండోనేషియా, మొరాకో మొదలుపెట్టినయ్. పదేండ్లల్ల అన్ని దేశాలు ఒప్పందంల చేరాలనుకున్నరు, అన్నీ చేరలే. కని వాళ్ల తీరు చూడు: బజార్ల నిలబెట్టి తిట్టరు. వేరే దేశం అధికార్లను కూసోబెట్టి, మేం చట్టం ఇట్ల రాసుకున్నం, కొట్టకుంట విచారణ చేసుడు ఇట్ల నేర్పినం అని చెప్తరు. అండ్ల చిలీ సైనిక నియంత పినోచెట్ జమానా చూసొచ్చిన దేశం. ఇగ డెన్మార్క్: 1995ల పశ్చిమ బెంగాల్ పురూలియాల విమానంకెల్లి ఆయుధాలు జారవిడిచిన కేసు నిందితుణ్ని అప్పజెప్పుమని మనం అడిగితె, మన దగ్గర చిత్రహింస పెట్టే ప్రమాదముందని 2011ల అక్కడి హైకోర్టు కుదరదన్నది. ఒక దొంగతనం కేసుల పిలగాని వీపుకూ, దేశం అడిగినా చేతికి రాని నిందితునికీ లంకె ఉన్నది. కథ ఆడుంది, నీ విలేకరి నోట్లె లేదు.

నా మొండిపట్టు ఒక్కటే. దెబ్బ రాయకు, కాగితం రాయి. ఆదివారం పట్టుకపోయి మంగళవారం అరెస్టు చూపిస్తరు. నడిమిట్ల రెండు దినాలు జీడీల ఏం రాసిన్రు? 1996ల డి.కె. బసు కేసుల సుప్రీంకోర్టు చెప్పిన అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఎవరిది? దవాఖానల డాక్టరు చొక్కా విప్పిచ్చి చూసిండా? పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టుల చెల్లదు, కని ఆ మాట మీద దొరికిన సొత్తు కాడికి చెల్లుతది. లాఠీ లేస్తున్నది ఆ సందులకెల్లే. నీ కథల ఆ సందే లేదు.

మునుగోడు దిక్కు పంతులుగ ఉన్నప్పుడు నేనొక కథ రాసిన. అండ్ల ఒక హోంగార్డు పొద్దుగాల్నే లాకప్పు కడుగుతడు, అంతే. ఒక సంపాదకుడు "నెత్తురేదండీ?" అని తిప్పి పంపిండు. ఇంకొకాయన ఆదివారం సంచికల రెండు చెంపదెబ్బలు తనే కలిపి, ఎర్రసిరా బొమ్మతోటి అచ్చేసిండు. మా బడిల అందరు మెచ్చుకున్నది ఆ చెంపదెబ్బలనే! ఇప్పుడు మోజు మారింది, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీలుండే జెనీవా పేరు తగిలితె బహుమతి. ఆ జ్యూరీలల్ల ఉన్నోళ్లు ఒక్కసారన్న ఠాణా మెట్లెక్కిన్రా అని నాకు అనుమానం.

మీ కోర్టుకు పో. రిమాండుకు తెచ్చినప్పుడు "పోలీసులు కొట్టిన్రా?" అని మెజిస్ట్రేటు అడుగుతడు. లేదనే ముందు నిందితుడు ఎవరి దిక్కు చూస్తడో రాసి పంపు. విలేకరిని తీసెయ్.

మీ అన్న,
నల్లగొండ