యాక్సిడెంట్ అయిన కారులోని బేబీ సీటు వేరేవాళ్లకు ఇవ్వొచ్చా?

పాప సీటు అటక మీద ఉంది, భీమవరంలో మీ ఆడపడుచు బాబుకి ఇవ్వనా, అమ్మేయనా అన్నారు కదండీ. రావులపాలెం దగ్గర లారీ గుద్దినప్పుడు అది కారులోనే ఉందని కూడా రాశారు. డోరు సొట్టపోయి కారును లాక్కెళ్లాల్సి వచ్చిందంటే చిన్న దెబ్బ కాదు. సీటు మీద గీత లేకపోయినా ఇవ్వకండి, అమ్మకండి. లోపలి థర్మాకోల్ బీటలిస్తే కవరు విప్పితే గానీ తెలీదు, ఒక్కోసారి విప్పినా తెలీదు. ఆడపడుచు ఏమనుకుంటుందో అని మొహమాటపడకండి, ఉన్న సంగతి చెప్పేయండి.

ఇంట్లో రెండో సీటు ఉందన్నారుగా, అది చూడండి. బోర్లా తిప్పితే ప్లాస్టిక్ మీద తయారీ తేదీ ఉంటుంది. గడువు కంపెనీని బట్టి సుమారు 6 నుంచి 10 ఏళ్లు. ‘ఆర్44/04’ లేదా ‘ఆర్129’ (పిల్లల సీట్ల భద్రతా ప్రమాణాల గుర్తులు) అని నారింజ లేబుల్ ఉండాలి. బకిల్ టిక్కుమని పడాలి. వరద నీళ్లలో నానిందైతే మాత్రం వద్దు, ఒండ్రు బకిల్ లోపలికి పోతుంది. బెల్టులు మెషిన్‌లో వేయకుండా తడిగుడ్డతో తుడిచి, మాన్యువల్‌తో సహా ఇవ్వండి.

పాడైనదాని బెల్టులు కత్తిరించి పారేయండి. లేకపోతే పాత సామాన్ల బండివాడు ఇంకొకరికి అమ్మేస్తాడు.