మర్రిగూడ దవాఖానలో డాక్టర్‌గా చేరిన బిడ్డకు

చిరంజీవి బిడ్డకు,

నల్లగొండ నుంచి పెద్దబాపు ఆశీస్సులు. మెడికల్ కౌన్సిల్‌కు చూపించాల్సిన సీఎంఈ గంటల (డాక్టర్ అయినంక కూడా చదువు సాగించాల్సిన గంటల) గురించి అడిగినవు. 5 ఏండ్లకు 30 గంటలు. సదస్సులకు పోతుంటే అవి నిండుతయి, దాని గురించి రంది పడకు. నీ అసలు చదువు నీ ఓపీ రిజిస్టర్‌తోనే మొదలుకావాలె.

వారానికొకసారి రిజిస్టర్ ముందట పెట్టుకొని, గోలీలు రాస్తున్నా బీపీ 140/90 కిందికి దిగనోళ్లను పక్కకు రాసుకో. నిజంగా మింగుతున్నరా? డోసు పెంచాల్సిన రోజు పెంచినవా, లేక రద్దీలో అవే మందులు మళ్లీ రాసినవా? 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అనే బీపీ అదుపు కార్యక్రమంలో తెలంగాణ మొదటి నుంచీ ఉన్నది. ఏ మందు తర్వాత ఏది, ఎంత డోసు అని మెట్టుమెట్టుగా రాసిన ప్రోటోకాల్ దాంతోనే వచ్చింది. దాన్ని గోడకు అంటించి ఊరుకోకు, ఆ మెట్లు ఎక్కు.

మీ దిక్కు ఇంకోటి తప్పక అడగాలె. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దమనుషులకు నడుము, మోకాళ్లు ఎప్పుడూ నొప్పే. కృష్ణా నీళ్లు వచ్చినా ఎముకల్లో పట్టింది అంత తొందరగా పోదు. అందుకే ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, మందుల దుకాణంలో ఎసిక్లోఫెనాక్ గోలీ. అవి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపి బీపీ పెంచుతయి, టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు పనిని తగ్గిస్తయి. దానికి తోడు మూత్రం ఎక్కువ పోయించే గోలీ కూడా ఉండి, ఎండల్లో ఉపాధి పనికి పోయి ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. "ఏం మందులు వాడుతున్నవ్" అంటే ఇవి చెప్పరు, వాళ్ల లెక్కల నొప్పి గోలీ మందే కాదు. "నొప్పులకు ఏం మింగుతున్నవ్, ఎన్నాళ్లకోసారి సూది వేయించుకుంటున్నవ్" అని అడుగు. సంచిలోని చీటీలన్నీ బల్ల మీద పెట్టించు. అట్లాంటి మనిషిని చూసిన రాత్రే ఆ సంగతి చదువు. పేషెంట్ ముఖం యాదిలో ఉన్నప్పుడు చదివింది మర్చిపోవు.

షుగర్ సంగతీ అంతే. రక్తం తక్కువున్న ఆడవాళ్లల్లో ఐరన్ లోపం వల్ల హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, హిమోగ్లోబిన్ చూడకుండా డోసు పెంచకు. ఏండ్ల తరబడి షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు అరికాళ్లు తిమ్మిరెక్కితే అంతా షుగర్ మీదికే తోయకు, విటమిన్ బీ12 కూడా చూడాలె. పేటెంట్ తీరినంక ఇంకో షుగర్ గోలీ డాపాగ్లిఫ్లోజిన్ ధర దిగింది. గుండె, కిడ్నీ జబ్బులున్నోళ్లకు అది ఎంత మేలు చేస్తదో, వాంతులు, ఉపవాసాలప్పుడు ఎందుకు ఆపాలో మార్గదర్శకాల్లో చూసి నేర్చుకో. కంపెనీ మనిషి ఇచ్చిన రంగు కాగితం చూసి మాత్రం కాదు.

మీ ఏఎన్ఎంలను, ఆశాలను కూడా కూచోబెట్టుకో. ఐదు నిమిషాలు ఊరికే కూచున్నంకనే, చెయ్యి గుండె ఎత్తున ఆనించి బీపీ చూడాలని వాళ్ల ముందు చేసి చూపియ్యి. ఆ అంకె తప్పైతే నువ్వు రాసే మందూ తప్పే.

వచ్చే నెల ఆ బీపీ దిగనోళ్ల వివరాలు, పేర్లు తీసేసి, పట్టుకొని నల్లగొండకు రా. ఇద్దరం కూచొని ఒక్కొక్కటే చూద్దాం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించని వాళ్లుంటే ఈలోపల చేయించు.

మీ పెద్దబాపు